నవ్వించే లోగో.. నోటీసు తెచ్చే లోగో

2000లో న్యూయార్క్‌కు చెందిన సుప్రీమ్ అనే స్కేట్‌బోర్డు సంస్థ కొన్ని బోర్డులు అమ్మకానికి పెట్టింది. వాటి మీద ఫ్రాన్స్ ఫ్యాషన్ దిగ్గజం లూయి విటాన్ మోనోగ్రామ్‌ను తలపించే డిజైన్ వేసింది. లూయి విటాన్ నుంచి లీగల్ నోటీసు వచ్చింది. సుప్రీమ్ బోర్డులు వెనక్కి తీసుకుంది. పదిహేడేళ్లు గడిచాయి. 2017 జనవరిలో పారిస్ ర్యాంప్ మీద అదే లూయి విటాన్ అదే సుప్రీమ్‌తో చేతులు కలిపి బ్యాగులు, ట్రంకు పెట్టెలు ప్రదర్శించింది. రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి.

అప్పుడు తప్పయిన బొమ్మ ఇప్పుడు వ్యాపారం ఎలా అయింది? ఈ ప్రశ్న ఫ్యాషన్ వాళ్లకే అనుకోకండి. కాలేజీ ఫెస్ట్‌కు టీషర్టులు కొట్టించేటప్పుడు ఏదో ఒక పెద్ద కంపెనీ లోగోలో అక్షరాలు మార్చి బ్రాంచి పేరు పెట్టడం మనకు మామూలే. కొందరు అక్కడితో ఆగరు. ప్రింట్ ఆన్ డిమాండ్ సైట్లలో ఖాతా తెరిచి అవే డిజైన్లు అమ్ముతారు. పోర్ట్‌ఫోలియోలో పెట్టుకుని ఇంటర్వ్యూలకు వెళ్తారు. 'సరదాకే కదా, పేరడీ కదా, ఏమవుతుంది?' అనుకుంటారు. ఏమవుతుందో గత రెండు మూడేళ్లలో వచ్చిన కోర్టు తీర్పులు స్పష్టంగానే చెబుతున్నాయి. డిజైన్, మార్కెటింగ్, లా, ఈ-కామర్స్ రంగాల్లో ఉద్యోగం వెతుక్కునేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయమిది.

బోర్డు అడుగున మొదలైంది

స్కేట్‌బోర్డు మీద బొమ్మ ఉండేది అడుగు వైపు. పైన కాళ్లు పెడతారు, కాబట్టి గరుకు కాగితం లాంటిది అంటిస్తారు. కుర్రాడు గాల్లోకి ఎగిరినప్పుడే అడుగున ఉన్న బొమ్మ లోకానికి కనబడుతుంది. అందుకే అది మొదటి నుంచీ ఒక ప్రకటన బోర్డు లాంటిది. 1978లో జార్జ్ పావెల్, స్టేసీ పెరాల్టా మొదలుపెట్టిన పావెల్ పెరాల్టా సంస్థ పుర్రెల బొమ్మలతో 1980ల్లో అమెరికా కుర్రకారును ఊపేసింది. ఒక్కో ఆటగాడికి ఒక్కో బొమ్మ. అదే బొమ్మ ఏళ్ల తరబడి అమ్ముడయ్యేది.

1987లో స్టీవ్ రొక్కో అనే మాజీ స్కేటర్ కాలిఫోర్నియాలో వరల్డ్ ఇండస్ట్రీస్ మొదలుపెట్టాడు. పెద్ద కంపెనీలతో సమానంగా ప్రచారానికి ఖర్చు పెట్టే స్తోమత లేదు. అతను ఎంచుకున్న ఆయుధం వెక్కిరింత. 1989లో మార్క్ గొంజాలెస్ అనే పేరున్న స్కేటర్ విజన్ అనే కంపెనీని వదిలి రొక్కో అండతో సొంత బ్రాండు పెట్టుకున్నాడు. దానికి పెట్టిన పేరు 'బ్లైండ్'. విజన్ అంటే చూపు, బ్లైండ్ అంటే గుడ్డి! పాత యజమానికి కంపెనీ పేరుతోనే చురక పెట్టాడన్నమాట. ఆ తర్వాత బ్లైండ్ బోర్డుల మీద పావెల్ పెరాల్టా పుర్రెలకు వెక్కిరింత బొమ్మలు వచ్చాయి. మార్క్ మెక్‌కీ, షాన్ క్లైవర్ లాంటి చిత్రకారులు ఈ కాలంలోనే పేరు తెచ్చుకున్నారు. క్లైవర్ అంతకు ముందు పావెల్ పెరాల్టాలోనే బొమ్మలు వేసినవాడు కావడం విశేషం.

ఈ వెక్కిరింత ఎందుకు పనిచేసింది? కారణాలు మూడు. ఒకటి, బోర్డు చెక్కతో చేసింది. విరుగుతుంది, అరుగుతుంది. కుర్రాళ్లు మళ్లీ మళ్లీ కొనాలి, ప్రతిసారీ కొత్త బొమ్మ చూపించవచ్చు. రెండు, స్క్రీన్ ప్రింటింగ్‌లో కొద్ది సంఖ్యలోనూ అచ్చు వేసుకోవచ్చు. నోటీసు వచ్చేలోపు సరుకు అమ్ముడైపోయే అవకాశం ఉంటుంది. మూడు, కొనేవాళ్లు టీనేజీ పిల్లలు. పెద్దవాళ్లకు కోపం తెప్పించే బొమ్మంటే వాళ్లకు ఇంకా ఇష్టం.

బోర్డుల మీద నడిచిన పద్ధతి టీషర్టులకు పాకింది. 1990లో ఎరిక్ బ్రునెట్టి అనే డిజైనర్, నాటాస్ కౌపస్ అనే స్కేటర్‌తో కలిసి ఒక టీషర్టుల బ్రాండు పెట్టాడు. బ్రాండు పేరు పైకి చదివితే ఇంగ్లిష్ బూతులా వినిపించే నాలుగక్షరాల మాట. ఫోర్డ్ కార్ల కంపెనీ నీలి కోడిగుడ్డు ఆకారం లోగోలో ఆ నాలుగక్షరాలూ పెట్టి టీషర్టులు వేశాడు. అదే బ్రునెట్టి చాలా ఏళ్ల తర్వాత ఆ పేరును ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయమని అడిగితే అసభ్యంగా ఉందని కార్యాలయం తిరస్కరించింది. అతను అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2019 జూన్‌లో గెలిచాడు. ఇతరుల లోగోతో ఆడుకున్నవాడు చివరికి తన పేరుకు చట్టం రక్షణ కోరాడు! ఈ రంగంలో ఇది మళ్లీ మళ్లీ కనబడే మలుపు.

ఒక విద్యార్థి స్టికర్ కథ

మీ వయసువాడి కథ కూడా ఒకటి చూద్దాం. 1989లో అమెరికాలోని రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో చదువుతున్న షెపర్డ్ ఫెయిరీ, కుస్తీ వీరుడు ఆండ్రే ద జెయింట్ ముఖంతో ఒక స్టికర్ చేశాడు. స్కేటర్ల చేతుల మీదుగా ఊరూరా అది గోడలకెక్కింది. ఆండ్రే పేరు మీద హక్కులున్న సంస్థ అభ్యంతరం చెప్పడంతో పేరు తీసేశాడు. ముఖాన్ని సులువైన గీతల్లోకి మార్చి కింద 'ఒబే' అనే మాట పెట్టాడు. ఆ మార్పే అతనికి సొంత గుర్తింపు ఇచ్చింది, తర్వాత దుస్తుల బ్రాండయింది. నోటీసు వచ్చినప్పుడు మొండికేయకుండా సొంత బొమ్మ వైపు అడుగు వేయడం అతనికి కలిసొచ్చింది.

అయితే కథలో రెండో భాగం కూడా ఉంది. 2008లో ఒబామా ముఖంతో ఫెయిరీ వేసిన 'హోప్' పోస్టర్ ప్రపంచమంతా తిరిగింది. దానికి ఆధారమైన ఫొటో తమదని అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ అడ్డుపడింది. కేసు నడుస్తుండగా తాను వాడిన ఫొటో ఏదన్న విషయంలో ఫెయిరీ ఆధారాలు చెరిపేశాడు, దొంగ పత్రాలు తయారుచేశాడు. కాపీరైట్ వివాదం 2011లో రాజీతో ముగిసింది. ఆధారాలు తారుమారు చేసినందుకు మాత్రం 2012లో రెండేళ్ల ప్రొబేషన్, 25 వేల డాలర్ల జరిమానా పడ్డాయి. ఫొటో వాడుకోవడం న్యాయమా కాదా అన్నది వాదించుకోగల విషయం. ఎక్కడ నుంచి తీసుకున్నామో దాచిపెట్టడం వాదనకు నిలిచేది కాదు. మీ డిజైన్ ఫైళ్లతో పాటు మూలాల వివరాలు కూడా దాచుకోండి అని చెప్పేది ఇందుకే.

మూడు వేర్వేరు పనులు

మాటల్లో చాలామంది కలిపేసే మూడు పనులున్నాయి. వాటిని విడదీసి చూస్తే సగం గందరగోళం పోతుంది.

మొదటిది నకిలీ. ఒక పెద్ద షూ కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చి రోడ్డు పక్క దుకాణంలో అమ్మే బూట్లు చూసే ఉంటారు. దాని ఉద్దేశం కొనేవాడు పొరబడాలి, లేదా చూసేవాళ్లయినా పొరబడాలి. ఇది పేరడీ కాదు, మోసం.

రెండోది ఎత్తుబడి. ఒక ప్రసిద్ధ లోగో ఆకారం, రంగులు తీసుకుని మీ పేరో మీ ఊరి పేరో పెడతారు. ఎవరినీ వెక్కిరించరు, ఏమీ చెప్పరు. ఆ లోగోకు ఉన్న ఆకర్షణను మాత్రం వాడుకుంటారు. మన కాలేజీ టీషర్టుల్లో ఎక్కువ భాగం ఈ కోవలోవే.

మూడోది అసలైన పేరడీ. మనవాళ్లకు ఇది కొత్త కాదు. జరుక్ శాస్త్రి పేరడీలు చదివినవారికి తెలుసు.. అసలు కవిత ఎవరిదో గుర్తుకు రాకపోతే నవ్వు రాదు, అదే కవి రాశాడనుకున్నా నవ్వు రాదు. అంటే పేరడీ ఒకేసారి రెండు మాటలు చెప్పాలి. 'ఇది ఫలానా దాని గురించి' అనేది ఒకటి, 'ఇది ఫలానాది కాదు' అనేది రెండోది. రెండో మాట సరిగా వినబడకపోతే అక్కడే చిక్కు మొదలవుతుంది.

టీషర్టుల విషయంలో దీనికి మంచి ఉదాహరణ దక్షిణాఫ్రికాది. 'లాఫ్ ఇట్ ఆఫ్' అనే చిన్న సంస్థ 'బ్లాక్ లేబుల్' అనే బీరు లేబుల్‌ను తీసుకుని 'బ్లాక్ లేబర్, వైట్ గిల్ట్' అని మార్చి టీషర్టుల మీద అచ్చు వేసింది. నల్లవారి శ్రమ, తెల్లవారి అపరాధ భావం అని అర్థం. జాతివివక్ష కాలంలో నల్లజాతి కార్మికుల దోపిడీ మీద అది చురక. బీరు కంపెనీ కోర్టుకు వెళ్లి హైకోర్టులోనూ, అప్పీళ్ల కోర్టులోనూ గెలిచింది. 2005 మేలో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం మాత్రం టీషర్టులవాళ్ల పక్షాన తీర్పిచ్చింది. బీరు అమ్మకాలకు నష్టం జరిగిందనో, జరిగే అవకాశం ఉందనో కంపెనీ చూపించలేకపోయిందని చెప్పింది. గెలుపు గొప్పదే. కానీ రెండు మెట్లలో ఓడి, మూడో మెట్టు దాకా ఎక్కే ఓపిక ఉంటేనే దక్కిన గెలుపు అది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

2023లో మారిన లెక్క

అమెరికాలో ఈ మధ్య వచ్చిన పెద్ద మార్పుకు కారణం ఒక కుక్కల బొమ్మ. జాక్ డేనియల్స్ విస్కీ సీసా ఆకారంలో, అదే నల్ల లేబుల్ తీరులో, 'బ్యాడ్ స్పానియల్స్' అనే పేరుతో వీఐపీ ప్రోడక్ట్స్ అనే సంస్థ కుక్కలు కొరుక్కునే బొమ్మ అమ్మింది. లేబుల్ మీద ఉండాల్సిన మాటల చోట కార్పెట్ మీద కుక్క చేసే పని గురించిన జోకులు. విస్కీ కంపెనీకి నవ్వు రాలేదు. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 2023 జూన్ 8న తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. జస్టిస్ ఎలెనా కేగన్ తీర్పు రాశారు.

తీర్పు సారం ఇది. సినిమా పేరులోనో, పాటలోనో ఒక బ్రాండు పేరు వాడితే కళాస్వేచ్ఛ కింద ప్రత్యేక రక్షణ ఉండొచ్చు. కానీ ఆ గుర్తును మీ సొంత సరుకుకు బ్రాండుగా వాడితే ఆ ప్రత్యేక రక్షణ వర్తించదు. మామూలు ట్రేడ్‌మార్క్ కేసులాగే కొనుగోలుదారు పొరబడతాడా లేదా అని చూస్తారు. పేరడీ అన్న సంగతి ఆ లెక్కలో ఒక అంశంగా మిగులుతుంది, అంతే. కేసు మళ్లీ కింది కోర్టుకు వెళ్లింది. జనం పొరబడే అవకాశం లేదని, అయినా విస్కీ పేరుకు మచ్చ తెచ్చిందని ఆ కోర్టు 2025 జనవరిలో తేల్చింది. అంటే జోకు అర్థమైనా గెలుపు ఖాయం కాదు!

ఆ తీర్పు ప్రభావం స్కేట్‌బోర్డు ప్రపంచానికి వెంటనే తగిలింది. వ్యాన్స్ అంటే 1966లో కాలిఫోర్నియాలో పుట్టిన బూట్ల కంపెనీ, స్కేటర్ల అభిమాన బ్రాండు. బ్రూక్లిన్‌లోని మిస్చిఫ్ అనే కళాబృందం 2022లో వ్యాన్స్ 'ఓల్డ్ స్కూల్' బూటును నీటి అలలో చూసినట్టు వంకరలు తిప్పి 'వేవీ బేబీ' అనే బూటు తెచ్చింది. నాలుగు వేలకు పైగా జతలు గంటలో అమ్ముడయ్యాయి. బూట్ల మోజు మీద ఇది కళాత్మక వ్యాఖ్య అని మిస్చిఫ్ వాదించింది. వ్యాన్స్ గుర్తులను మిస్చిఫ్ తన సరుకుకు గుర్తులుగా వాడిందని, కాబట్టి ప్రత్యేక రక్షణ లేదని 2023 డిసెంబరులో అప్పీళ్ల కోర్టు చెప్పి అమ్మకాలపై నిషేధాన్ని సమర్థించింది. వెక్కిరింతతో పెరిగిన స్కేట్ సంస్కృతికి చెందిన కంపెనీయే వెక్కిరింత మీద కేసు గెలిచిందన్నమాట.

సుప్రీమ్‌దీ ఇదే దారి. ఎర్ర పెట్టెలో తెల్ల అక్షరాల దాని లోగో, చిత్రకారిణి బార్బరా క్రుగర్ శైలి నుంచి వచ్చింది. అయినా తన పేరు పక్కన ఒక తిట్టు మాట చేర్చి టీషర్టులు అమ్మిన మహిళల దుస్తుల బ్రాండు మీద 2013లో అదే సుప్రీమ్ కోటి డాలర్లకు దావా వేసింది. తర్వాత కోర్టు బయట రాజీ కుదిరింది. 2020లో సుప్రీమ్‌ను వీఎఫ్ కార్పొరేషన్ సుమారు 210 కోట్ల డాలర్లకు కొంది. ఈ వీఎఫ్ వ్యాన్స్‌కూ యజమాని. 2024లో సుప్రీమ్‌ను 150 కోట్ల డాలర్లకు ఎసిలార్‌లగ్జోటికాకు అమ్మేందుకు ఒప్పందం చేసుకుంది. విలువంతా ఎక్కడుంది? పేరులో, పెట్టెలో. అంత డబ్బు పెట్టినవాడు ఆ పెట్టెతో ఎవరో ఆడుకుంటుంటే ఊరుకుంటాడా?

మన చట్టం ఏమంటుంది?

అమెరికా తీర్పులు మన కోర్టులను కట్టిపడేయవు. కానీ మన న్యాయమూర్తులు వాటిని చదువుతారు, లాయర్లు చూపిస్తారు. మనకు వర్తించేవి ప్రధానంగా రెండు చట్టాలు. ట్రేడ్ మార్క్స్ చట్టం-1999, కాపీరైట్ చట్టం-1957. రెండింటిలోనూ 'పేరడీకి మినహాయింపు' అని నేరుగా రాసి లేదు. ఇది మొదట గుర్తుంచుకోవాల్సిన విషయం.

ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 29(4) ప్రకారం, మన దేశంలో పేరున్న రిజిస్టర్డ్ మార్కును వేరే రకం సరుకు మీద వాడినా ఇబ్బందే. సరైన కారణం లేకుండా ఆ పేరు నుంచి అనుచిత లాభం పొందినా, దాని ప్రత్యేకతకు, పరువుకు నష్టం కలిగించినా ఉల్లంఘనగా చూడవచ్చు. 'వాళ్లది బిస్కెట్ కంపెనీ, నాది టీషర్టు' అనే వాదన అన్ని వేళలా నిలబడదు. మోసపూరితంగా పోలిన మార్కును అనుమతి లేకుండా సరుకు మీద వేస్తే సెక్షన్ 103 కింద క్రిమినల్ కేసు కూడా ఉంటుంది. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. ఇది ప్రధానంగా నకిలీల కోసం పెట్టిన సెక్షనే. కానీ 'పేరడీ' అని మీరు అనుకునేదాన్ని అవతలివాళ్లు నకిలీ అనే అవకాశం ఉంటుంది.

పేరడీకి అనుకూలమైన తీర్పులూ మన దగ్గర ఉన్నాయి. ఒడిశాలోని ధామ్రా ఓడరేవు వల్ల సముద్ర తాబేళ్లకు ముప్పని చెబుతూ గ్రీన్‌పీస్ ఒక ఆన్‌లైన్ ఆట తయారుచేసింది. అందులో తాబేళ్లను వెంటాడేవి టాటా లోగోను గుర్తు చేసేవి. టాటా సన్స్ 10 కోట్ల రూపాయల దావా వేసింది. 2011 జనవరిలో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ రవీంద్ర భట్ మధ్యంతర నిషేధానికి నిరాకరించారు. ఇది విమర్శ, దీనికి భావప్రకటన స్వేచ్ఛ ఉంది అన్నది తీర్పు ఆంతర్యం. కాపీరైట్ వైపు చూస్తే, 1996లో కేరళ హైకోర్టు ఒక ప్రసిద్ధ మలయాళ రాజకీయ నాటకానికి జవాబుగా సివిక్ చంద్రన్ రాసిన ప్రతినాటకాన్ని విమర్శగా పరిగణించి అనుమతించింది.

2003 నాటి పెప్సీ కేసులో ఫలితం వేరు. తన పానీయాన్ని 'పప్పీ' అనే పేరుతో ఎగతాళి చేశారంటూ పోటీ కంపెనీ ప్రకటనపై పెప్సీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి గెలిచింది. నీ సరుకు గొప్పదని చెప్పుకో, పక్కవాడిది పనికిరానిదని చూపించకు అన్నది అక్కడి సూత్రం. ఈ మూడింటినీ కలిపి చదవండి. ప్రజలకు సంబంధించిన విషయం మీద విమర్శకు బలం ఎక్కువ. అదే జోకు ఒక పోటీదారు అమ్మకాల కోసం వేస్తే బలం తక్కువ.

హీరో బొమ్మ వేస్తే?

తెలుగు రాష్ట్రాల్లో లోగోల కన్నా ఎక్కువగా టీషర్టులెక్కేవి హీరోల ముఖాలు, డైలాగులు. ఇక్కడా గాలి మారింది. 2025 సెప్టెంబరులో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరు, బొమ్మ, గొంతు అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకుండా మధ్యంతర ఉత్తర్వులు తెచ్చుకున్నారు. అంతకు ముందు 2023లో అనిల్ కపూర్, 2024లో జాకీ ష్రాఫ్ కూడా ఇలాంటివే పొందారు. ఏఐతో చేసిన నకిలీ వీడియోలే వీటికి ప్రధాన కారణం. కానీ టీషర్టుల్లాంటి సరుకులూ ఈ వివాదాల్లో ఉన్నాయి.

అలాగని నవ్వులాటకు తలుపులన్నీ మూసుకుపోలేదు. ప్రముఖుల మీద వ్యంగ్యం, పేరడీ, వార్త, కళ లాంటివి భావప్రకటన స్వేచ్ఛ కిందికి వస్తాయని 2023లో ఢిల్లీ హైకోర్టు డిజిటల్ కలెక్టిబుల్స్ కేసులో చెప్పింది. జాకీ ష్రాఫ్ కేసులోనూ ఒక సరదా వీడియోను అవతలివారి మాట వినకుండా తొలగించమనడానికి కోర్టు ఒప్పుకోలేదు. కాబట్టి హీరో ముఖం యథాతథంగా అచ్చు వేసి 499 రూపాయలకు అమ్మడం వేరు, హీరోయిజాన్ని వెక్కిరించే కార్టూన్ వేయడం వేరు. రెండోదానికి కొంత వాదన ఉంది. మొదటిదానికి దాదాపు లేదు.

బలం ఎవరిది?

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. చట్టంలో మీ వైపు వాదన ఉండటం, కోర్టులో నిలబడగలగడం ఒకటి కాదు. చిన్న విక్రేతకు నోటీసు వస్తే విచారణ దాకా వెళ్లే ఓపిక, డబ్బు ఎన్నిసార్లు ఉంటాయి? అసలు కోర్టు దాకా కూడా అక్కర్లేదు. బ్రాండు యజమాని ఒక ఫిర్యాదు పెడితే ఆన్‌లైన్ సైటు మీ డిజైన్ తీసేయొచ్చు, ఖాతా ఆపేయొచ్చు. అప్పటికే అచ్చు వేసిన సరుకు మీ హాస్టల్ గదిలో మిగిలిపోతుంది. మన దగ్గర పేరు తెలియని విక్రేతలందరినీ కలిపి 'అశోక్ కుమార్' అనే ఊహా పేరుతో ప్రతివాదిగా చేర్చి ఉత్తర్వులు తెచ్చుకునే పద్ధతి కూడా ఉంది. మీ మీద కేసు ఉందన్న సంగతి మీ లింకు మాయమయ్యాక తెలుస్తుంది.

దీంతో ఒక అన్యాయం జరుగుతోంది. నిజంగా చెప్పాల్సిన మాట ఉన్న డిజైనర్ భయపడి ఆగిపోతాడు. ఏమీ చెప్పకుండా లోగోలు ఎత్తేవాడు కొత్త పేరుతో కొత్త ఖాతా తెరుస్తాడు. పరిష్కారం పేరడీని మానేయడంలో లేదు. చట్టంలో పేరడీకి స్పష్టమైన చోటు కల్పించాలని అడగడంలో ఉంది. అది వచ్చేదాకా మన జాగ్రత్త మనదే.

గీసే ముందు అయిదు ప్రశ్నలు

ఒకటి: ఈ జోకు ఎవరి మీద? ఆ బ్రాండు మీదో, అది చేసే పని మీదో అయితే ఆ లోగోను వాడటానికి కారణం ఉంది. వేరే విషయం మీద జోకు వేయడానికి లోగో కేవలం అలంకారమైతే కారణం బలహీనం.

రెండు: మూడడుగుల దూరం నుంచి చూసినవాడు ఏమనుకుంటాడు? అసలు కంపెనీదే అనుకుంటే అది పేరడీగా విఫలమైనట్టు. రంగు, అక్షరాల తీరు, ఆకారం అన్నీ యథాతథంగా ఉంచకండి. గుర్తుకు తేవడానికి ఎంత కావాలో అంతే తీసుకోండి.

మూడు: ఆ గుర్తు మీ డిజైన్‌లో ఒక బొమ్మా, లేక మీ బ్రాండు పేరా? మెడ దగ్గర లేబుల్ మీద, ట్యాగు మీద, ఇన్‌స్టా ఖాతా పేరులో అదే పెట్టారంటే 2023 తీర్పు చెప్పిన గీత దాటినట్టే.

నాలుగు: మీరూ వాళ్లూ అమ్మేది ఒకే సరుకా? దుస్తుల కంపెనీ లోగోను మార్చి దుస్తుల మీదే వేస్తే పొరబడే అవకాశం ఎక్కువ.

అయిదు: అమ్ముతున్నారా, చూపిస్తున్నారా? క్లాసు అసైన్‌మెంట్‌కూ, వెబ్‌సైట్‌లో ధర పెట్టి అమ్మడానికీ ప్రమాదంలో చాలా తేడా ఉంది.

'మాకు ఫలానా కంపెనీతో సంబంధం లేదు' అని కింద చిన్న అక్షరాల్లో రాస్తే సరిపోతుందని కొందరి నమ్మకం. బ్యాడ్ స్పానియల్స్ ట్యాగు మీద కూడా ఆ మాట ఉంది. కేసు ఆగలేదు. బొమ్మ ఏఐ టూల్‌తో చేయించానన్నా అంతే. అమ్మింది మీరైతే జవాబు చెప్పాల్సిందీ మీరే.

ఉద్యోగం వైపు నుంచి చూస్తే

పోర్ట్‌ఫోలియోలో పేరడీ ఉండకూడదా? ఉండొచ్చు. ఒకటి రెండు చాలు. పక్కనే ఆ జోకు దేని మీద, అసలు నుంచి ఏం తీసుకున్నారు, ఏం మార్చారు, ఎందుకు అని నాలుగు వాక్యాలు రాయండి. క్లయింటు పని కాదని, అభ్యాసం కోసం చేసిందని స్పష్టంగా పెట్టండి. మిగతాదంతా సొంత బొమ్మలే ఉండాలి. రేపు మీరు చేసే డిజైన్ తమను కోర్టుకు ఈడుస్తుందేమో అన్న అనుమానం రాకుండా చూసుకోవడం ముఖ్యం. వరల్డ్ ఇండస్ట్రీస్ కూడా వెక్కిరింతలతోనే ఆగలేదు. మెక్‌కీ సృష్టించిన ఫ్లేమ్ బాయ్, వెట్ విల్లీ లాంటి సొంత పాత్రలూ ఆ కంపెనీకి గుర్తుగా నిలిచాయి.

ఫ్రీలాన్స్ పనికి దిగితే కాపీరైట్ చట్టంలో రెండు సంగతులు తెలుసుకోండి. ఉద్యోగిగా చేసిన బొమ్మ మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, కంపెనీది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లు, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే అని సెక్షన్ 19 చెబుతుంది. 'డిజైన్ వల్ల ఎవరైనా కేసు వేస్తే నష్టమంతా డిజైనర్‌దే' అనే షరతు ఒప్పందంలో ఉందేమో చూడకుండా సంతకం పెట్టకండి.

సొంత టీషర్టు బ్రాండు ఆలోచన ఉంటే మొదటి పని పేరు వెతుక్కోవడం. ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. దుస్తులు 25వ తరగతిలో, స్కేట్‌బోర్డులు 28వ తరగతిలో వస్తాయి. వ్యక్తులు, స్టార్టప్‌లు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి ఫీజు 4,500 రూపాయలు. ఒక లాట్ టీషర్టుల అచ్చు ఖర్చుతో పోలిస్తే అదేమంత పెద్ద మొత్తం కాదు.

ఈ గొడవలన్నిటి వెనుక ఉద్యోగాలూ ఉన్నాయి. ఆన్‌లైన్ సైట్లలో నకిలీలను పట్టే బ్రాండ్ ప్రొటెక్షన్ బృందాలు, సినిమా, క్రీడా సంస్థల సరుకులకు అనుమతులిచ్చే లైసెన్సింగ్ విభాగాలు, ట్రేడ్‌మార్క్ దరఖాస్తులు చూసే లా సంస్థలు.. వీటికి చట్టం, డిజైన్ రెండూ కాస్త తెలిసినవాళ్లు కావాలి. ఏ డిగ్రీ ఉన్నవారైనా ట్రేడ్ మార్క్స్ ఏజెంట్ పరీక్ష రాయవచ్చు. సైన్స్, ఇంజినీరింగ్ వారికి పేటెంట్ ఏజెంట్ పరీక్ష ఉంది. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ అకాడమీ డీఎల్-101 అనే ప్రాథమిక కోర్సును ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తోంది. ఢిల్లీ హైకోర్టులో 2021 నుంచి, మద్రాస్ హైకోర్టులో 2023 నుంచి మేధో సంపత్తికి ప్రత్యేక విభాగాలు పనిచేస్తున్నాయి. కాబట్టి లా విద్యార్థులకూ ఇది పెరుగుతున్న రంగం. డిజైన్ చదవాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే నిఫ్ట్, ఎన్‌ఐడీ ప్రవేశ పరీక్షలు, ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల బీడిజైన్ కోసం యూసీడ్ గురించి చెప్పండి.

ఈసారి ఫెస్ట్ కమిటీ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా 'ఫలానా లోగో మార్చి టీషర్టు వేద్దాం' అంటే వద్దని వెంటనే కొట్టిపారేయకండి. ఆ లోగో మీద మనం చెప్పదలచుకున్నదేమిటి అని అడగండి. జవాబు ఉంటే పైన చెప్పిన అయిదు ప్రశ్నలతో సరిచూసుకుని ధైర్యంగా గీయండి. లేకపోతే మీ కాలేజీ బస్సు మీదో, క్యాంటీన్ సమోసా మీదో, ఎప్పటికీ రాని ప్లేస్‌మెంట్ మెయిల్ మీదో సొంతంగా ఒక బొమ్మ వేయండి. అది మీ వాళ్లందరికీ అర్థమవుతుంది. దాని మీద హక్కు కూడా మీదే.